ఎడమచేతి పిడి

1956 జనవరి 9, సోమవారం

మా యజమాని ఓబుళరెడ్డి గారు కొత్త సంవత్సరం కానుక అంటూ ఈ డైరీ ఇచ్చారు. మొదటి పేజీలో ఎరువుల కంపెనీ బొమ్మ, చివరి పేజీలో రైళ్ళ వేళలు. ఆయనకు ఊరికే వచ్చింది, నాకు ఊరికే ఇచ్చారు. దాతృత్వం అంటే ఇదీ.

రాయడానికి పెద్దగా ఏముంది. మద్రాసు వర్క్‌షాపులో ఆరేళ్ళు ఫిట్టర్‌గా పనిచేసి, తుంగభద్ర ఒడ్డున ఈ పెంకుల ఫ్యాక్టరీకి మేస్త్రీగా వచ్చి ఏడాదిన్నర. కర్నూలు రాజధాని అయిందని గుడారాల్లో ఆఫీసులు పెట్టుకున్న ప్రభుత్వం, ఆ గుడారాలు ఎగిరిపోకముందే ఇళ్ళు కట్టుకోవాలని ఉబలాటపడుతున్న గుమాస్తాలు. అందరికీ పెంకులు కావాలి. ఉన్నది ఒక్క ప్రెస్సు. దాన్ని తిప్పడానికి లింగన్న. ఎద్దుకు రెండు కొమ్ములైనా ఉంటాయి, లింగన్నకు అవీ లేవు.

లింగన్న పెద్ద చక్రం తిప్పుతాడు. పైనున్న అచ్చు దిగి మట్టిముద్ద మీద పడుతుంది. అచ్చు లేవగానే ఒక ఆడమనిషి చేతులు లోపలికి పెట్టి పచ్చి పెంకు తీసి పక్కనున్న చెక్క మీద పెడుతుంది. మళ్ళీ ముద్ద, మళ్ళీ అచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంతే. దీనికి ఆరేళ్ళ చదువు చదివిన మేస్త్రీ.

జనవరి 17, మంగళవారం

రేపు ఎవరో పెద్ద ఇంజనీరు ఫ్యాక్టరీ చూడ్డానికి వస్తున్నాడు. కొత్త క్వార్టర్లకు పెంకులు మన దగ్గర కొనాలా వద్దా అని చూస్తాడట. ఓబుళరెడ్డి గారు గేటుకు సున్నం కొట్టించారు. లోపల పందికొక్కులు, బయట సున్నం.

నేను మాత్రం అసలైన పని చేశాను. ఆడవాళ్ళ నోళ్ళు మూయించాను. ప్రెస్సు దగ్గర జ్ఞానమణి పెంకు తీసినప్పుడల్లా అంకె అరుస్తుంది. అదీ సరిగ్గా కాదు. ఒకటి అనదు, లాభం అంటుంది. కళ్ళంలో జొన్నలు కొలిచేవాళ్ళ మాదిరి లాభం, రెండు, మూడు, ఇరవై దాకా, మళ్ళీ లాభం. ఎన్ని పెంకులయ్యాయో చెక్కలు లెక్కపెడితే తెలియదా? ఫ్యాక్టరీ అనుకున్నారా, కళ్ళం అనుకున్నారా? ఇంజనీరు ముందు ఈ మూఢత్వం వినబడితే నా తల ఎక్కడ పెట్టుకోవాలి.

చెక్కపలక మీద నేనే సొంత దస్తూరీతో రాసి ప్రెస్సు ఎదురుగా వేలాడదీశాను: "పని వేళ మాట్లాడరాదు."

జ్ఞానమణి మిషన్ బడిలో చదువుకున్న మనిషి. అది చదివి, "అంకె గూడా చెప్పగూడదా మేస్త్రీ?" అంది.

"అంకె మాట కాదా?"

లింగన్న చక్రం వెనకనుంచి మెడ బయటికి పెట్టి నా వైపు చూశాడు. ఏదో అనబోయాడు. బోర్డు వైపు వేలు చూపించాను. మెడ లోపలికి వెళ్ళిపోయింది.

జనవరి 18, బుధవారం

ఇంజనీరు వచ్చాడు, మజ్జిగ తాగాడు, పోయాడు. షెడ్డులో చీమ చిటుక్కుమనలేదు. మద్రాసులో ఉన్నట్టే ఉండింది.

జనవరి 21, శనివారం

ఈ రోజు రాయను.

జనవరి 24, మంగళవారం

శనివారం పదకొండు గంటలకు జ్ఞానమణి కుడిచెయ్యి అచ్చు కింద పడింది. చిటికెన వేలు, ఉంగరపు వేలు పోయాయి. పెద్దాసుపత్రిలో ఉంది.

ఎవరి తప్పు అంటే ఆమె తప్పే. పనిలో ధ్యాస ఉండొద్దా? మూడేళ్ళుగా అదే ప్రెస్సు దగ్గర నిలబడే మనిషి, అచ్చు దిగుతున్నదీ లేనిదీ చూసుకోవద్దా? నేను మట్టి కలిపే ఇంజన్ కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాను. అచ్చు పడిన దెబ్బ వినబడింది. దెబ్బ రోజూ వినబడేదే, నేను పట్టించుకోలేదు. తర్వాత ముద్దలు అందించే భీమమ్మ కేక వినబడింది.

ఓబుళరెడ్డి గారు పిలిచి కాగితం ముందు పెట్టారు. "ఇన్‌స్పెక్టరు అడిగితే చూపించల్ల. మేస్త్రీవి నువ్వు, నువ్వు రాస్తేనే చెల్లేది. ఆయమ్మ అజాగ్రత్త అని రాయప్పా," అన్నారు.

రాశాను. అబద్ధం కాదు కదా. "కార్మికురాలు పని వేళ పరధ్యానముగా రోడ్డువైపు చూచుచుండుట వలన ప్రమాదము సంభవించినది." వాక్యం బాగా కుదిరింది. సంతకం కూడా బాగా కుదిరింది.

జనవరి 30, సోమవారం

ఇప్పుడు భీమమ్మ పెంకు తీస్తోంది. అచ్చు కదలకముందే చేతులు వెనక్కి లాక్కుంటుంది. సగం పెంకులు వంకర. లింగన్న మరీ దరిద్రం. చక్రం ఒకసారి తిప్పడం, చుట్టూ తిరిగి వచ్చి అచ్చులోకి తొంగి చూడటం, మళ్ళీ వెనక్కి పోవడం. పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినవాడిలాగా. రోజుకు మునుపటిలో సగం పెంకులు కూడా రావడం లేదు. సోమరితనానికి భయం అని పేరు పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 2, గురువారం

ఓబుళరెడ్డి గారు ఉదయం గోల పెట్టారు. "రాజధాని ఐదరాబాదుకు పోతాదంటాండారు. పొయ్యేలోపల అమ్ముకోవల్ల గానీ, పొయినంక ఈ పెంకులు ఎవని నెత్తిన పెడదుము?" అని.

అప్పుడు చెప్పాను. చెయ్యి పెట్టే అవసరమే లేకుండా ఇనుప చెయ్యి ఒకటి చేస్తానని. మన బావుల దగ్గర యాతం ఉంటుంది కదా, అట్లాంటి పొడుగాటి దూలం. ఒక కొనకు బరువు, రెండో కొనకు నాలుగు ఇనుప వేళ్ళు. పిడి లాగితే వేళ్ళు మూసుకుని పెంకును పట్టుకుంటాయి. దూలం పక్కకు తిప్పి పిడి వదిలితే పెంకు చెక్క మీద కూర్చుంటుంది. మనిషి అచ్చుకు మూరెడు దూరంలో నిలబడవచ్చు. ఇనుముకు పరధ్యానం ఉండదు.

"మనిషికన్నా బిరీన తీస్తాదా?" అన్నారు.

"తీస్తుంది."

"ఉగాది లోపల చూపీ. లేకుంటే ఆ ఇనుము పాతసామాన్లోనికి ఏస్తా."

నేను ఇది ఎవరి కోసమూ చెయ్యడం లేదు. యంత్రం అంటే ఏమిటో ఈ ఊరికి ఒకసారి చూపించాలి, అంతే.

ఫిబ్రవరి 9, గురువారం

మొదటి చెయ్యి. పెంకును పట్టుకుంది. నలిపి పడేసింది. మట్టి నాలుగు వేళ్ళ సందుల్లోంచి పిడికిట్లో నలిపిన సంకటి లాగా బయటికి వచ్చింది.

భీమమ్మ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వితే నాకు కనబడదు అనుకుంది.

ఫిబ్రవరి 11, శనివారం

పట్టు వదులు చేశాను. పెంకు జారి నా కాలి మీద పడింది.

ఫిబ్రవరి 15, బుధవారం

బిగిస్తే నలుగుతుంది. వదిలితే జారుతుంది. రెండింటికీ మధ్య ఒక చోటు ఉండాలి. ఉంది, ఈ రోజు దొరికింది కూడా. వేళ్ళకు చిన్న స్ప్రింగు పెట్టాను. పెంకు నలగకుండా లేచింది. చెక్క మీదికి తెచ్చి వేళ్ళు తెరిచాను. పెంకు దిగదు. ఇనుముకు అంటుకుని వేలాడుతుంది. గీరి ఊడదీస్తే మొహం అంతా గుంటలు.

సైకిల్ ట్యూబు చుట్టాను. ఇంకా గట్టిగా అంటుకుంది. తోలు చుట్టాను. నాలుగు పెంకులకే తోలు నాని జారింది. లింగన్న చూసి, "మన్ను మన్నే మేస్త్రీ," అని వేదాంతం చెప్పాడు.

ఆడవాళ్ళ చేతులకు అంటుకోదు ఎందుకు? అడగాలంటే అడగవచ్చు. వాళ్ళను అడిగి నేర్చుకునే గతి నాకు ఇంకా పట్టలేదు.

ఫిబ్రవరి 20, సోమవారం

ఆదివారం ఇంట్లో చెయ్యి విప్పి మళ్ళీ బిగిస్తుంటే అమ్మ పక్కన కూర్చుని చూసింది. మా నాయన పోయిన తర్వాత కోడుమూరులో మగ్గం అమ్మేసి నా దగ్గరికి వచ్చింది. మగ్గం లేని ఇల్లు ఆమెకు ఇల్లులాగా కనబడదు, అందుకని నా పనికి వంకలు పెడుతుంది.

"ఒరే శివన్నా, నువ్వు కుడిచేతి వానివి గదరా. పిడి ఎడమతట్టు ఎందుకు పెట్టినావు?"

"బరువు సరిపోవాలని."

"బరువు కుడితట్టు పెడితే సరిపోదా?"

"నీకు తెలియదులే."

నిజంగానే బరువు కోసమే పెట్టాను. కుడివైపు పెడితే దూలం గోడకు తగులుతుంది. గోడకు రెండు మూరల దూరం ఉన్నమాట వాస్తవమే, అయినా ముందుజాగ్రత్త మంచిది.

ఫిబ్రవరి 28, మంగళవారం

జ్ఞానమణి ఫ్యాక్టరీకి వచ్చింది.

షెడ్డులోకి నేరుగా వచ్చి నా ఎదురుగా నిలబడింది. కుడిచేతికి తెల్లగుడ్డ కట్టు. ఎడమచేతిలో కాగితం. పనిలోకి తీసుకోరా అని ఓబుళరెడ్డి గారిని అడగబోతే, గుమాస్తా ఈ నకలు ఇచ్చి పంపించాడట. తప్పు ఆమెది కాబట్టి పరిహారమూ లేదు, చెయ్యి లేదు కాబట్టి పనీ లేదు.

చదవడం రాని మనిషైతే బాగుండేది. గట్టిగా, ఒక్క అక్షరం మింగకుండా నా వాక్యం నాకే చదివి వినిపించింది. "పరధ్యానముగా రోడ్డువైపు చూచుచుండుట వలన." బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

"నేను యాడ చూస్తాంటినో నువ్వు చూసినావా మేస్త్రీ?"

"చూడకుండా రాస్తానా?"

"ఇంజన్ కింద పండుకోని ఉంటివి. నీ కాళ్ళు రెండే బయటికి అగపడతాండె."

నేను స్పానరు తుడుచుకున్నాను. ఇట్లాంటి వాళ్ళతో వాదన పెట్టుకోకూడదు.

"నేను పెంకు తట్టే చూస్తాంటి. నోరు మూసుకోమంటివి, మూసుకుంటిమి. అంతే గదప్పా జరిగింది?"

దానికీ దీనికీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు. చదువుకున్నవాళ్ళయినా ఆడవాళ్ళ మాటలు ఇట్లాగే ఉంటాయి, తల ఒకచోట తోక ఒకచోట.

వెళ్ళబోతూ ఇనుప చెయ్యి దగ్గర ఆగింది. వేళ్ళు లెక్కపెట్టింది. "నాలుగు. నాకన్నా ఒగటి ఎక్కువే," అంది. తర్వాత పిడి ఏ వైపు ఉందో చూసింది. ఎడమచెయ్యి ఒకసారి దాని మీద వేసి తీసేసి వెళ్ళిపోయింది.

బరువు కోసమే పెట్టాను.

ఫిబ్రవరి 29, బుధవారం

నాలుగేళ్ళకొకసారి వచ్చే రోజు. వచ్చి ఏం ఉద్ధరించింది.

మార్చి 8, గురువారం

దొరికింది.

అమ్మ మిద్దె మీద తడిగుడ్డ పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. సాయంత్రానికి ఎండాయి. నేను ఒకటి పీకబోతే విరిగింది. అమ్మ చేతి మీద కొట్టింది.

"అట్ల పీకితే వస్తాదా? గుడ్డ తిరగెయ్. ఎనకతట్టు నీళ్ళు చల్లు. అదే ఊడొస్తాది."

గుడ్డ తిరగేసింది, నీళ్ళు చిలకరించింది, వడియాలు వాటంతట అవే రాలి పడ్డాయి. నేను చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

ఆ గుడ్డలోంచే నాలుగు పేలికలు చింపి వేళ్ళకు చుట్టాను. మా నాయన నేసిన చీర అది, అమ్మ చిందులు తొక్కింది. ప్రతి పెంకుకూ ముందు వేళ్ళు నీళ్ళతొట్టిలో ముంచితే చాలు, పెంకు లేస్తుంది, దిగుతుంది. నలగదు, జారదు, అంటుకోదు. ఆరేళ్ళు మద్రాసులో నేర్చిన విద్యను ఒక వడియాల గుడ్డ గట్టెక్కించింది.

నాకు ఎట్లాగూ తట్టేదే. రెండు రోజులు ఆలస్యం అయ్యేది, అంతే.

మార్చి 9, శుక్రవారం

ఈ రోజు భీమమ్మ చేతులు చూశాను. వేళ్ళకు తడిపేలిక చుట్టుకుని ఉంది. మిగిలిన ఆడవాళ్ళకూ ఉంది. జ్ఞానమణికీ ఉండేది, ఇప్పుడు గుర్తొచ్చింది. ఏడాదిన్నరగా నా కళ్ళ ముందే ఉంది. మురికి అనుకున్నాను.

మార్చి 16, శుక్రవారం

ఆగి ఉన్న ప్రెస్సు మీద చెయ్యి నాలుగు రోజులుగా నడిపిస్తున్నాను. చేత్తో అచ్చు పైకెత్తి పెట్టి, ముద్ద పెట్టి, తీసి, దింపి. ఒక్క పెంకు పోలేదు. ఎడమచేత్తో పిడి లాగడం నాకు ఇబ్బందిగా ఉంది గానీ అలవాటవుతుంది.

చక్రంతో కలిపి నడిపి చూడమని లింగన్న అన్నాడు. చక్రం తిప్పడం ఏమంత బ్రహ్మవిద్య? అందరికీ చూపించే రోజు వాడు చుట్టూ తిరిగి తొంగి చూడకుండా ఉంటే అదే పదివేలు. ఆ మాటే వాడికి చెప్పాను.

"చూడకుండా ఎట్ల తిప్పేది మేస్త్రీ?"

"జనవరి దాకా చూసే తిప్పావా?"

"అప్పుడు చూడబళ్ళేదు," అన్నాడు.

విన్నావా డైరీ? అప్పుడు అవసరం లేదట, ఇప్పుడు అవసరమట. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట.

మార్చి 27, మంగళవారం

ఏప్రిల్ 4న ప్రదర్శన. ఆ ఇంజనీరే మళ్ళీ వస్తాడు. మరునాడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు జ్ఞానమణి విషయం విచారించడానికి వస్తాడు. ఓబుళరెడ్డి గారికి రెండూ ఒకేసారి తెమిలిపోవాలి. "నీ చెయ్యి ఆడితే నిన్ను ఫ్యాక్టరీకంతా పెద్దను చేస్తా. మర్నాడు ఆ కాగితం నీదే అని ఇన్‌స్పెక్టరు ముందర ఒక మాట చెప్పు, సాలు," అన్నారు.

చెప్పడానికేం. నాదే కదా.

ఏప్రిల్ 4, బుధవారం

అంతా రాస్తాను. వరుసగా రాస్తాను.

పది గంటలకు ఇంజనీరు వచ్చాడు. ఓబుళరెడ్డి గారు పట్టుపంచె కట్టారు, పెంకులకు పెళ్ళి చేస్తున్నట్టు. ఆడవాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. వాళ్ళలో జ్ఞానమణి కూడా ఉంది. రేపటి విచారణ గురించి గుమాస్తాను అడగడానికి వచ్చి ఆగిపోయిందట.

నేను పిడి పట్టుకున్నాను. లింగన్న చక్రం వెనక. తొంగి చూశావంటే తంతానని ముందే చెప్పి ఉన్నాను.

మొదటి పెంకు లేచింది, దిగింది. ఇంజనీరు "భేష్" అన్నాడు. రెండు. మూడు. ఎనిమిది దాకా ఎవరూ కన్నార్పలేదు. తొమ్మిదో పెంకు దగ్గర ఒక పేలిక కొంచెం మెలిక పడింది. వేళ్ళు మూసుకోవడం ఒక్క క్షణం ఆలస్యం అయింది, ఒక్కటే. అచ్చు దిగింది.

ఇనుము నలిగిన చప్పుడు వేరుగా ఉంటుంది.

అచ్చు లేచాక చూస్తే బయటివైపు రెండు వేళ్ళు వంగిపోయి ఉన్నాయి. చిటికెన వేలు ఉండాల్సిన చోటిది, దాని పక్కది. చుట్టిన గుడ్డ మీద ఎర్రమట్టి. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

లింగన్న చక్రం వదిలి నేల మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "మళ్ళా కొట్టినా. మళ్ళా కొట్టినా," అంటున్నాడు.

"కళ్ళు లేవా నీకు?" అన్నాను.

"ఈడ నుంచి అచ్చు అగపడదు మేస్త్రీ. వచ్చి నిలబడి చూడు. ఆయమ్మ చెయ్యి ఎనక్కి తీసుకున్నంక అంకె చెప్తాండె. అంకె ఇనబడితే నేను తిప్పేది. ఇనబడకుంటే తిప్పేవాణ్ణి కాదు. మా నాయన కాలం నుంచీ అట్లనే. నువ్వు అంకె వద్దంటివి. ఎన్నాళ్ళని అందాజుతో తిప్పేది?"

"ఈ మాట ముందే చెప్పడానికేం?"

లింగన్న బోర్డు వైపు చూశాడు. "మాట్లాడగూడదని రాస్తివి గద," అన్నాడు.

ఎగతాళిగా అనలేదు. లింగన్నకు ఎగతాళి రాదు.

వెళ్ళి అతను నిలబడే చోట నిలబడ్డాను. చక్రం, దాని వెనక ఇనుపస్తంభం. అచ్చు కనబడదు. అవతల ఉన్న మనిషి తల కూడా కనబడదు. ఏడాదిన్నరలో ఒక్కసారి అక్కడ నిలబడలేదు నేను. మద్రాసులో చదివిన మేస్త్రీని. జొన్నల లెక్క అనుకున్నాను.

ఓబుళరెడ్డి గారు, "ఎత్తి బయట పారేయండి దాన్ని," అంటున్నారు. ఇంజనీరు గడియారం చూసుకుంటున్నాడు. నేను ఎవరి మాటా వినకుండా వేళ్ళు ఊడదీసి దాగలి మీద పెట్టి సుత్తితో సాపు చేశాను. అరగంట పట్టింది. ఇనుము సాపు అవుతుంది.

మళ్ళీ బిగించి పిడి పట్టుకున్నాను. లింగన్న లేవడు. "అంకె చెప్తేనే తిప్పుతా," అన్నాడు. భీమమ్మ వైపు చూశాను. ఆమె జ్ఞానమణి వైపు చూసింది. జ్ఞానమణి నా వైపు చూసింది.

"పెంకు తీసేవాడే చెప్పల్ల మేస్త్రీ. చెయ్యి యాడుండాదో వానికే గద తెలిసేది," అంది.

గోడవారగా పన్నెండుమంది ఆడవాళ్ళు, ఇంజనీరు, యజమాని. నేను పెంకు తీశాను. చెక్క మీద పెట్టాను. నోరు తెరిచాను, మాట రాలేదు. రెండోసారి వచ్చింది గానీ లింగన్నకు వినబడలేదు. మూడోసారి అరిచాను.

"లాభం."

చక్రం తిరిగింది.

వంద పెంకులు తీశాం. ఒక్క దెబ్బ తప్పలేదు. గంటకు ఎన్ని పడతాయో ఇంజనీరు గడియారం చూసి చెప్పాడు, జ్ఞానమణి రెండు చేతులతో తీసినప్పటికన్నా ఇరవై ఎక్కువ. ఓబుళరెడ్డి గారు నా వీపు తట్టి, "రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడు, గెవనం పెట్టుకో," అన్నారు. నాకు ఆ చెయ్యి తగిలిన చోట అసహ్యం వేసింది. ఆయన మీద కాదు.

ఏప్రిల్ 5, గురువారం

ఇన్‌స్పెక్టరు ముందు ఓబుళరెడ్డి గారు నా పాత కాగితం పెట్టారు. ఇది నీదేనా అని ఆయన అడిగాడు. నాదే అన్నాను. అబద్ధం అన్నాను. కొత్త కాగితం అడిగి అక్కడే కూర్చుని రాశాను. ఇక్కడ నకలు రాసుకుంటున్నాను, రేపు నేనే మాట మార్చకుండా.

"జ్ఞానమణి ఎక్కడ చూస్తున్నదో నేను చూడలేదు. నేను ఇంజను కింద ఉన్నాను. పెంకు తీసిన మనిషి అంకె చెబితేనే చక్రం తిప్పడం ఇక్కడి పద్ధతి. అది ఎందుకో తెలుసుకోకుండా జనవరి 17న అంకె చెప్పవద్దని ఆజ్ఞ ఇచ్చినది నేను. నాలుగో రోజున ఆమె వేళ్ళు పోయాయి. ఆమె తప్పు లేదు. లింగన్న తప్పు లేదు. బోర్డు మీది దస్తూరీ నాది."

ఈ వాక్యాలు ఒక్కటీ బాగా కుదరలేదు.

ఓబుళరెడ్డి గారు ఇన్‌స్పెక్టరు పోయేదాకా ఆగి, "నీకేమన్నా పిచ్చి పట్టెనా? నిన్ను పెద్దవాణ్ణి చేస్తానంటి గదప్పా," అన్నారు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఆ గొంతులో. సాయంత్రానికి నాకు పని లేదు.

బయట గేటు దగ్గర జ్ఞానమణి కనబడింది. రాత్రంతా తయారు చేసుకున్న మాటలు నాలుగు ఉన్నాయి నా దగ్గర. మొదటిది అనేలోపలే, "నాకు చెప్పబళ్ళేదప్పా. చెప్పాల్సినోళ్ళకు చెప్పినావు, సాలు," అని బిరబిరా నడిచిపోయింది. క్షమించినట్టు కాదు. అడ్డం తొలగమన్నట్టు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను, అంతా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"తొక్కినావు, కడుక్కున్నావు. అన్నం తిను," అంది.

తినలేకపోయాను. ఏడ్చాను. ముప్పై ఒక్కేళ్ళ వాడు సంకటి ముద్ద ముందు కూర్చుని ఏడిస్తే ఎంత వికారంగా ఉంటుందో అమ్మ చూసింది, నేను చూడలేదు, అదొక్కటే మేలు.

ఏప్రిల్ 9, సోమవారం

పని లేదు. వడియాలు బాగున్నాయి.

ఏప్రిల్ 23, సోమవారం

కోడుమూరులో నూనె ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పని కుదిరింది. షెడ్డు యజమాని తాను నాకన్నా తెలివైనవాణ్ణని అనుకుంటాడు. అనుకోనీ. అక్కడ ఎవరు ఏం అరిచినా ఎందుకు అరుస్తున్నారో ముందు అడుగుతున్నాను. వాళ్ళకు నేను కొంచెం మందబుద్ధి అని అనుమానం.

పనిముట్ల పెట్టె కోసం ఈ రోజు ఫ్యాక్టరీకి పోయాను. లింగన్న గేటు దాకా వచ్చి సంగతులు చెప్పాడు. జ్ఞానమణికి పరిహారం ఇవ్వాలని ఇన్‌స్పెక్టరు రాశాడట. ఇనుప చెయ్యి నడపడానికి ఓబుళరెడ్డి గారు తన మేనల్లుణ్ణి పెట్టారట. వాడు అంకె చెప్పడానికి సిగ్గుపడ్డాడట. లింగన్న చక్రం ముట్టలేదట. రెండు రోజులు ప్రెస్సు ఆగింది. మూడోరోజు ఓబుళరెడ్డి గారు జ్ఞానమణికి కబురు పెట్టారు. ధర్మబుద్ధి కాదు. పెంకులు ఆగితే ఆయనకు నిద్ర పట్టదు.

"పిడి ఎడమ తట్టుండాది గద మేస్త్రీ. ఆయమ్మకు సరిపొయ్యింది," అన్నాడు లింగన్న.

"బరువు కోసం పెట్టాను," అన్నాను. అలవాటు మీద వచ్చేసింది. తర్వాత, "కాదు, ఆమె కోసమే పెట్టాను," అన్నాను. లింగన్న, మాకు తెలియదా అన్నట్టు చూసి చక్రం దగ్గరికి పోయాడు.

పెట్టె తీసుకుని షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డాను. నా బోర్డు లేదు. దాన్ని తిరగేసి లింగన్న నిలబడే చోట కాళ్ళ కింద పరుచుకున్నాడు, నేల చెమ్మగా ఉంటుందని. జ్ఞానమణి ఎడమచెయ్యి పిడి మీద ఉంది. కుడిచెయ్యి నడుము మీద. దూలం అటు తిరిగింది, ఇటు తిరిగింది, పెంకు చెక్క మీద కూర్చుంది.

"పదకొండు," అంది. అప్పుడు అచ్చు దిగింది.

"పన్నెండు." అచ్చు దిగింది.

ఆమె నన్ను చూసింది. నేను ఏదో ఒకటి అడగాలి అనుకున్నాను. చెయ్యి ఎట్లా ఉందని అయినా. అడిగితే ఆమె బదులు చెప్పాలి, బదులు చెబితే అంకె తప్పుతుంది. నోరు మూసుకున్నాను. ఈ షెడ్డులో నేను మాట్లాడకుండా ఉండవలసిన వేళ ఇదొక్కటే, ఇప్పటికి తెలిసింది.

పదమూడు, దెబ్బ. పద్నాలుగు, దెబ్బ. ఆ శనివారం ఇంజన్ కింద పడుకుని నేను విన్నది ఉత్త దెబ్బ. దానికి ముందు ఏమీ వినబడలేదు. వినబడనిది ఏమిటో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇరవై దాకా విన్నాను. ఆమె మళ్ళీ లాభం అన్నాక పెట్టె భుజానికెత్తుకుని కోడుమూరు బస్సుకు నడిచాను.